జానెడు విగ్రహంలో దేవుడెవరో చేతులే చెప్పాలి

హైదరాబాద్ బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల గల్లీలోకి వెళ్తే బిందెలు, గంగాళాలు, దీపపు కుందుల వెనక అరల నిండా దేవుళ్లు కనిపిస్తారు. గుప్పిట్లో ఇమిడేవి కొన్ని, మూరెడు ఎత్తువి కొన్ని. నాలుగు చేతులతో, కిరీటంతో నిటారుగా నిలబడ్డ రెండు విగ్రహాలు చూపించి ఏది ఎవరని అడిగితే "ఇది విష్ణుమూర్తి, అది బాలాజీ సార్, రేటు మాత్రం ఒకటే" అని తడుముకోకుండా చెప్తారు. ఎలా తెలిసిందంటే నుదుటి మీద నామం చూపిస్తారు. కొత్త విగ్రహానికి ఆ గుర్తు సరిపోతుంది. తాతల నాటి దేవతార్చన పెట్టెలోంచి బయటపడ్డ విగ్రహం సంగతి వేరు. ఏళ్ల తరబడి అభిషేకాలకి, చింతపండు తోముడికి ముక్కు, కళ్లు, నామం అన్నీ అరిగిపోయి ఉంటాయి. ఇంట్లో అందరూ దాన్ని "సామి" అనే అంటారు. ఏ సామి అంటే ఎవరూ చెప్పలేరు.

ముఖం బాగా ఉన్నా పెద్ద ఉపయోగం లేదు. పెద్ద దేవుళ్లందరికీ దాదాపు ఒకటే ముఖం: కోల మొహం, అరమోడ్పు కళ్లు, ఉందా లేదా అన్నట్టుండే చిరునవ్వు. వయసు కూడా అందరికీ నవయౌవనమే. పోలికలు చెక్కడం శిల్పి పని కాదు. నరసింహుడు, వినాయకుడు, వరాహస్వామి, హయగ్రీవుడు లాంటి జంతుముఖాల వాళ్లని పక్కన పెడితే, మిగతా వాళ్లని ముఖం చూసి పోల్చడం దండగ. చేతుల దగ్గర మొదలుపెట్టాలి.

శిల్పికి ఏం చెయ్యాలో చెప్పేది ధ్యాన శ్లోకం. ఒకరకంగా అది వర్క్ ఆర్డర్ లాంటిది: ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏమిటి, కూర్చున్నాడా నిలబడ్డాడా, ఏ వాహనం, పక్కన ఎవరు. మన ఇళ్లల్లో రోజూ చదివే వాటిలోనే ఈ వివరాలు దొరుకుతాయి. లలితా సహస్రనామం మొదట్లో "రాగస్వరూప పాశాఢ్యా, క్రోధాకారాంకుశోజ్జ్వలా, మనోరూపేక్షు కోదండా, పంచతన్మాత్ర సాయకా" అని వరసగా నాలుగు నామాలు వస్తాయి. అవి నాలుగు చేతుల వివరం: పాశం, అంకుశం, చెరుకు విల్లు, పూల బాణాలు. ఈ నాలుగూ ఉన్న అమ్మవారి విగ్రహం కనిపిస్తే ఇంకెవర్నీ అడగక్కర్లేదు. అదే "శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం చతుర్భుజం" తీసుకోండి. తెల్లబట్ట, చంద్రుడి రంగు, నాలుగు చేతులు, ప్రసన్నమైన ముఖం. చేతుల్లో ఏముందో ఒక్క మాట లేదు. ఆ శ్లోకం ఒక్కటీ ఇచ్చి విగ్రహం పొయ్యమంటే ఏ స్థపతి అయినా తల గోక్కోవాల్సిందే. విష్ణువు పేరున్న శ్లోకాన్ని మనం వినాయకుడికి హాయిగా చదువుకోగలగడానికి ఈ ఖాళీ కూడా ఒక కారణమని నా అనుమానం.

పై చేతులు, కింది చేతులు

నాలుగు చేతుల విగ్రహంలో రెండు చేతులు కింద, ముందుకి ఉంటాయి. రెండు వెనక నుంచి పైకి లేస్తాయి. దక్షిణాది విగ్రహాల్లో ఈ రెండు జతల పని వేరు. కింది చేతులు భక్తుడి కోసం: అరచెయ్యి చూపిస్తూ వేళ్లు పైకి ఉంటే అభయం, కిందికి ఉంటే వరదం. పై చేతులు ఆ దేవుడెవరో చెప్పే గుర్తులు పట్టుకుంటాయి. కాబట్టి కింది చేతులు అభయ వరదాలతో అందరికీ ఒకేలా ఉన్నా కంగారు పడక్కర్లేదు. చూపు పైకి తిప్పాలి. చక్రం, శంఖం ఉంటే విష్ణువు. గొడ్డలి, లేడి ఉంటే శివుడు. శక్తి ఆయుధం, వజ్రం ఉంటే సుబ్రహ్మణ్యుడు. జపమాల, కమండలం అయితే బ్రహ్మ. రెండు చేతుల్లోనూ తామరలుంటే లక్ష్మి. అంకుశం, పాశం అయితే వినాయకుడు, కానీ ఆయన్ని పోల్చడానికి చేతులతో ఏం పని!

ఇక్కడ కుడి ఎడమల తికమక ఒకటి ఉంది. కుడి అంటే విగ్రహం కుడి, మన కుడి కాదు. మనకి ఎడమ పక్కన కనిపించేదే స్వామి కుడి చెయ్యి. ఈ ఒక్క పొరపాటుతో చక్రం చేతిని శంఖం చేతిగా రాసేసిన వర్ణనలు బోలెడు కనిపిస్తాయి.

ఇప్పుడు కొట్లో ఇద్దరి సంగతి. ఇద్దరికీ పై కుడి చేత చక్రం, పై ఎడమ చేత శంఖం. తేడా కింది కుడి చేతిలో ఉంది. దక్షిణాది విష్ణువుకి అది సాధారణంగా అభయం, వేళ్లు పైకి. వేంకటేశ్వరుడికి వరదం, వేళ్లు కిందికి, తన పాదాల వైపు చూపిస్తున్నట్టు. కింది ఎడమ చెయ్యి తొడ దగ్గర ఆనించి ఉంటుంది, దాన్ని కటి హస్తం అంటారు. కుడి రొమ్ము మీద చిన్న బొడిపెలా లక్ష్మి ఉంటుంది. నామం పూర్తిగా అరిగిపోయినా కుడి అరచేతి వేళ్లు పైకా కిందికా అన్నది చేత్తో తడిమి కూడా చెప్పొచ్చు.

శంఖచక్రాలు కనిపించగానే విష్ణువని రాసుకోవడం కూడా ప్రమాదమే. దుర్గకీ అవే ఉంటాయి, విష్ణువు చెల్లెలు కదా. తమిళనాట పోసిన దుర్గ విగ్రహాలు చాలావరకు నాలుగు చేతులతో, శంఖచక్రాలతో, అభయ హస్తంతో నిటారుగానే నిలబడతాయి. కాళ్ల కింద దున్నపోతు తల ఉంటే పేచీ లేదు. పీఠం విడిగా పోయి ఉంటే రొమ్ము, నడుము, కిరీటం చూడాలి. విష్ణువుది నిలువుగా పొడవైన కిరీట మకుటం. అమ్మవార్లకి ఎక్కువగా చిన్న చిన్న బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టుండే కరండ మకుటం. శివుడికి కిరీటం బదులు జడలే ముడివేసిన జటామకుటం, అందులో నెలవంక.

విగ్రహం చిన్నదైన కొద్దీ ఇంకో చిక్కు వస్తుంది. చక్రానికీ శంఖానికీ చుట్టూ మంటలు పోస్తారు. గుప్పిట్లో పట్టే విగ్రహంలో ఆ మంటలు అరిగి రెండూ ఒకే రకం ముద్దలుగా మిగులుతాయి. అప్పుడు ముద్ద ఆకారం చూడాలి. చక్రం పైనా కిందా సమానంగా గుండ్రంగా ఉంటుంది. శంఖం ఒక పక్కకి సన్నబడుతుంది. వెనక వైపు తిప్పి చూస్తే ఇంకా తేలిక, ఎందుకంటే తోముడు ఎక్కువగా ముందు వైపే పడుతుంది. పాత విగ్రహానికి ఫొటో తీసేవాళ్లు వెనక వైపు తీయడం మర్చిపోతారు, సగం ఆధారం అక్కడే పోతుంది.

కేశవ నామాల లెక్క

విష్ణువు నాలుగు చేతుల్లోనూ వస్తువులే ఉంటే, అంటే అభయాలు వరదాలు లేకుండా శంఖం, చక్రం, గద, పద్మం నాలుగూ ఉంటే, అక్కడ అసలు ఆట మొదలవుతుంది. సంధ్యావందనంలో ఆచమనం చేస్తూ కేశవాయ స్వాహా, నారాయణాయ స్వాహా, మాధవాయ స్వాహా అని మొదలుపెట్టి గోవింద, విష్ణు, మధుసూదన, త్రివిక్రమ అంటూ శ్రీకృష్ణ దాకా చెప్పే నామాలు ఇరవై నాలుగు. ఇరవై నాలుగే ఎందుకు? నాలుగు వస్తువుల్ని నాలుగు చేతుల్లో ఎన్ని రకాలుగా మార్చి పెట్టొచ్చో లెక్క వేయండి. మొదటి చేతికి నాలుగు అవకాశాలు, రెండో చేతికి మూడు, మూడో చేతికి రెండు, చివరి దానికి ఒకటి. 4×3×2×1 అంటే 24. ఒక్కో అమరికకి ఒక్కో పేరు. శరీరం అదే, కిరీటం అదే, నగలు అవే. చేతుల్లో వస్తువులు చోటు మారితే పేరు మారిపోతుంది.

అగ్నిపురాణం 48వ అధ్యాయం ఈ వరసంతా చెప్తుంది. ఎక్కడ మొదలుపెట్టి ఎటు చదవాలన్నదానికి "ప్రదక్షిణం" అన్న మాట అందులోనే ఉంది. కింది కుడి చెయ్యి, పై కుడి చెయ్యి, పై ఎడమ చెయ్యి, కింది ఎడమ చెయ్యి. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి ఇది గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. ఆ వరసలో పద్మం, శంఖం, చక్రం, గద ఉంటే కేశవుడు. శంఖం, పద్మం, గద, చక్రం ఉంటే నారాయణుడు. గద, చక్రం, శంఖం, పద్మం అయితే మాధవుడు. చక్రం, గద, పద్మం, శంఖం అయితే గోవిందుడు. ఆచమనంలో వరసగా పలికే నలుగురూ పక్కపక్కనే నిలబడితే, తేడా అంతా చేతుల్లోనే కనిపిస్తుంది.

గుళ్లలో దీన్ని పరీక్షించాలంటే కర్ణాటకలో హొయసల గుళ్ల గోడలు మంచి చోటు. బెంగాల్ వైపు పాల, సేన రాజుల కాలం నాటి విష్ణు విగ్రహాల్లో పై కుడి చేత గద, పై ఎడమ చేత చక్రం ఉన్నవే ఎక్కువ. పద్మం, గద, చక్రం, శంఖం అన్న ఆ వరస త్రివిక్రముడిది. ఒక కాలెత్తి లోకాలు కొలిచే త్రివిక్రముడు వేరు, ఇరవై నలుగురిలో ఒకడైన ఈ త్రివిక్రముడు వేరు. ఈయన బుద్ధిగా రెండు కాళ్ల మీదే నిలబడతాడు. పేరు ఒకటే కావడంతో కొత్తవాళ్లు ఇక్కడ తప్పనిసరిగా తడబడతారు.

లెక్క ఇంత చక్కగా ఉంది కదా అని సంబరపడిపోకూడదు. అగ్నిపురాణం, పద్మపురాణం, రూపమండనం లాంటి గ్రంథాలు కొన్ని పేర్ల దగ్గర ఒకదానితో ఒకటి ఏకీభవించవు. ఒక గ్రంథం ఒకరికిచ్చిన అమరికని ఇంకో గ్రంథం వేరొకరికి ఇస్తుంది. పైగా మన వైపు పంచలోహ విగ్రహాలు పోసినవాళ్లు ఎక్కువగా గుడి, విగ్రహాల నియమ గ్రంథాలైన ఆగమాలు చెప్పిన అభయ హస్తం పద్ధతినే పట్టుకున్నారు కాబట్టి ఈ ఇరవై నాలుగు లెక్క వాటికి పనిచెయ్యదు. ఎవరైనా చిన్న విగ్రహం చూడగానే "ఇది ఉపేంద్రుడు" అని గట్టిగా చెప్తే, ఏ గ్రంథం ప్రకారం అని అడగడంలో తప్పు లేదు.

శైవంలో ఈ రకమైన అంకగణితం తక్కువ, కథలు ఎక్కువ. నటరాజ విగ్రహం గురించి అందరికీ కొంత తెలుసు: పై కుడి చేత డమరుకం, పై ఎడమ చేత నిప్పు, కింది కుడి చెయ్యి అభయం, ఏనుగు తొండంలా అడ్డంగా వాలిన కింది ఎడమ చెయ్యి ఎత్తిన ఎడమ పాదాన్ని చూపిస్తుంది, కుడి పాదం కింద మరుగుజ్జు రాక్షసుడు అపస్మారుడు. ఇన్ని చూసినవాళ్లు కూడా చెవులు చూడరు. కుడి చెవికి మగవాళ్లు పెట్టుకునే మకర కుండలం, ఎడమ చెవికి ఆడవాళ్లు పెట్టుకునే గుండ్రటి పత్ర కుండలం ఉంటాయి. అర్ధనారీశ్వర తత్వాన్ని రెండు చెవిపోగుల్లో పెట్టేశారు. ప్రభావళి, జడలు విరిగిపోయిన చిన్న శివ విగ్రహం చేతికొస్తే ఈ రెండు చెవుల తేడా ఒక్కటే చాలాసార్లు నిలబడే సాక్ష్యం.

దక్కన్ ఇళ్లల్లో ఉండే దేవుళ్లు

కంచు విగ్రహాలనగానే అందరూ చోళుల దగ్గరికి పోతారు. పోనివ్వండి, అవి అంత గొప్పవే. హైదరాబాద్ చుట్టుపక్కల పాత ఇళ్లల్లో దొరికే చిన్న విగ్రహాల్లో మాత్రం వేరే లోకం ఉంది. వీటిలో ఎక్కువ ఇత్తడివి, పనితనం మొరటుగా ఉంటుంది, ఆగమ కొలతలకి అందవు. వీటి భాష తమిళ విగ్రహాల భాష కాదు.

మొదట వీరభద్రుడు. పలకలా బల్లపరుపుగా, పైన తోరణంతో పోసిన ఇత్తడి బిళ్లలు తెలంగాణ, రాయలసీమ, కర్ణాటకల్లో కనిపిస్తాయి. మీసాలు, గుడ్లురిమే చూపు, మెడలో పుర్రెల దండ, కాళ్లకి పావుకోళ్లు. చేతుల్లో కత్తి, డాలు, విల్లు, బాణం. ఇక్కడ అభయం లేదు, వరదం లేదు. నాలుగు చేతులూ యుద్ధంలోనే ఉన్నాయి. పేరు ఖాయం చేసేది కాళ్ల దగ్గర ఉన్న చిన్న బొమ్మ: మనిషి ఒళ్లు, పొట్టేలు తల, జోడించిన చేతులు. అది శివుడి మామ దక్షుడు. యజ్ఞం ధ్వంసమై, తల తెగి, పొట్టేలు తలతో బతికి దండం పెడుతున్న మామగారు. రెండో పక్కన భద్రకాళి ఉంటుంది. బిళ్ల ఎంత అరిగినా ఆ కొమ్ముల తల దొరికిందంటే వీరభద్రుడే.

రెండోది గుర్రం మీద మల్లన్న. మనకి కొమురవెల్లి మల్లన్న, కన్నడ దేశంలో మైలారలింగడు, మరాఠీ వాళ్లకి ఖండోబా. చేతుల్లో కత్తి, త్రిశూలం, డమరుకం, గిన్నె. కొన్నిటిలో వెనక భార్య కూర్చుని ఉంటుంది, గుర్రం కాళ్ల దగ్గర కుక్క ఉంటుంది. గుర్రం పోయి ఒక్కడే మిగిలితే ఈ నాలుగు వస్తువులే భైరవుడికీ ఉంటాయి, కుక్క కూడా ఉంటుంది. తేడా బట్టల్లో ఉంది. భైరవుడు దిగంబరుడు, మల్లన్న రాజులా నిండుగా కట్టుకుని తలపాగాతోనో కిరీటంతోనో ఉంటాడు. పక్కనున్న భార్యల పేర్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. కొమురవెల్లిలో మేడలమ్మ, కేతమ్మ. మహారాష్ట్రలోని జేజురిలో మ్హాళసా, బాణాయి. ఒకే రకం బిళ్లని సిద్దిపేట వాళ్లు ఒకలా, పుణె వాళ్లు ఇంకోలా పిలిస్తే ఇద్దరిదీ తప్పు కాదు.

మరాఠ్వాడా నిజాం రాజ్యంలోనే ఉండేది కాబట్టి పండరి విఠలుడు కూడా నగరంలోని చాలా ఇళ్లకి చేరాడు. ఆయన్ని పోల్చడం అన్నిటికంటే సులువు: రెండే చేతులు, రెండూ నడుం మీద, కాళ్ల కింద ఇటుక. పక్కన రుక్మిణి కూడా అలాగే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది.

చేతులే లేని విగ్రహాలు కూడా ఉన్నాయి, ఇప్పటిదాకా చెప్పుకున్న సూత్రమంతా వాటి ముందు ఆగిపోతుంది. వరలక్ష్మీ వ్రతానికి కలశం మీద పెట్టే అమ్మవారి ముఖం ఒకటి. రేణుకా ఎల్లమ్మ తల ఇంకోటి. పరశురాముడు తల్లి తల నరికిన కథ తెలిసినవాళ్లకి ఆ తల ఒక్కటే పూజలెందుకు అందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. విడిగా చూస్తే మాత్రం ముక్కుపుడక, పెద్ద కళ్లు ఉన్న ఇత్తడి ముఖం ఎవరిదైనా కావచ్చు. దాని పేరు లోహంలో లేదు, ఆ ఇంటి వ్రతంలో ఉంది. నానమ్మల్ని అడిగి రాసిపెట్టుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

కొలత, పోత, వయసు

ఇంటి విగ్రహం ఎంత ఉండాలన్నదానికి మత్స్యపురాణం లెక్క ఇచ్చింది: బొటనవేలి కణుపు మొదలుకుని జానెడు దాకా, అంతకు మించితే ఇంటికి మంచిది కాదు. గుడిలో మూలవిరాట్టు కదలదు. ఊరేగేది, అభిషేకాలు చేయించుకునేది లోహ విగ్రహం. తిరుమలలో మలయప్ప స్వామి, భోగ శ్రీనివాసుడు, ఉగ్ర శ్రీనివాసుడు, కొలువు శ్రీనివాసుడు మూలవిరాట్టుతో కలిసి పంచబేరాలు, అంటే ఐదు మూర్తులు. ఊరేగే విగ్రహానికి కర్రలు కట్టడానికి, ప్రభావళి నిలబెట్టడానికి పీఠంలో రంధ్రాలు, కొక్కేలు ఉంటాయి. ఇంటి విగ్రహానికి ఆ అవసరం లేదు. కాబట్టి పీఠం చూస్తే అది గుడిదా ఇంటిదా అన్నది కొంత తేలుతుంది.

ఆగమ కొలతల్లో శివకేశవులకి ఉత్తమ దశతాళం (తాళం అంటే ముఖం పొడవంత కొలత), అంటే మొత్తం ఎత్తు 124 అంగుళాలు. ఇది టేపు మీది అంగుళం కాదు. ఏ విగ్రహానికి ఆ విగ్రహం ఎత్తునే 124 భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం. కిరీటం, పీఠం కాకుండా 15.5 సెంటీమీటర్లున్న విగ్రహంలో ఒక భాగం 1.25 మిల్లీమీటర్లు. కళ్లు, పెదవులు, వేలి కణుపులు అన్నీ ఆ లెక్కలోనే సర్దాలి. చేతిలో తామర మొగ్గ ఆవగింజంత బొడిపెగా ఎందుకు మిగిలిపోతుందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. అమ్మవార్లకి 120, వినాయకుడికి పంచతాళం. స్వామిమలై స్థపతులు ఈ భాగాల్ని కొబ్బరాకు ఈనె తీసిన రెబ్బని మడతలు పెట్టి గుర్తు పెట్టుకుంటారు.

పోత విషయానికొస్తే, తేనెమైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొడితే గానీ విగ్రహం బయటికి రాదు, అందుకే రెండోది అచ్చం అలాగే ఉండదు. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసం ఈ పద్ధతిని వివరించింది. ఆదిలాబాద్‌లో ఓజా పనివాళ్లు చేసే డోక్రా కూడా మైనపు పోత పనే, కాకపోతే లోపల మట్టి ముద్ద ఉంచి పైన మైనపు తీగలు చుడతారు కాబట్టి బోలుగా వస్తుంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. జనగామ దగ్గర పెంబర్తి వాళ్లది పోత పని కాదు, రేకు పని. దేవుడి తొడుగులు, ప్రభావళులు, ధ్వజస్తంభం రేకులు వాళ్ల చేతుల్లోంచి వచ్చేవి.

వయసు చెప్పడానికి ఒకటి రెండు గుర్తులు మాత్రం నమ్మదగినవి. పల్లవుల కాలపు, తొలి చోళుల కాలపు విష్ణువు చేతిలో చక్రం అంచు మన వైపు ఉంటుంది, విసరడానికి సిద్ధంగా ఉన్నట్టు. తర్వాతి కాలంలో పళ్లెంలా మన వైపు తిరిగి, చుట్టూ మంటలు పెరుగుతాయి. పల్లవ విగ్రహాల్లో జంధ్యం కుడి చెయ్యి మీదుగా పోతుంది. ఆకుపచ్చ చిలుము చూసి పాతదని నమ్మితే మాత్రం మోసపోతారు. యాసిడ్ పోసి మట్టిలో పాతిపెడితే కొత్త దానికీ చిలుము పడుతుంది. పూజలో అరిగిన అరుగుదల వేరు: ముక్కు, పొట్ట, మోకాళ్లు ముందు అరుగుతాయి, వీపు మీద చెక్కుడు అలాగే ఉంటుంది.

ఇవన్నీ కళ్లతో చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరుంది. జనం వెయిల్డ్ రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర, గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడతారు, కంచు విగ్రహాల గదిలో మాత్రం నిదానంగా నిలబడి చేతులు లెక్కపెట్టుకునే తీరిక దొరుకుతుంది. శుక్రవారం సెలవు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో కూడా కంచు విగ్రహాల విభాగం ఉంది. లేబుల్ చదవకుండా ముందు చేతులు చూసి పేరు అనుకుని, తర్వాత లేబుల్ చూస్తే ఇదంతా ఒక్క పూటలో వంటబడుతుంది.

ఖాళీ చేతులు

అసలు తలనొప్పి, చేతుల్లో ఏమీ లేనప్పుడు. చిన్న విగ్రహాల్లో విల్లు, మురళి, శూలం లాంటివి విడిగా పోసి తగిలిస్తారు. ముందు పోయేవి అవే. అప్పుడు చేతి వాటం చూడాలి. రెండు చేతుల నిలువు విగ్రహం, ఎడమ చెయ్యి పైకెత్తి దేన్నో పట్టుకున్నట్టు, కుడి చెయ్యి నడుం దగ్గర వేళ్లు ముడిచి ఉంటే రాముడు, విల్లూ బాణమూ పోయాయి. లక్ష్మణుడూ అలాగే ఉంటాడు, కాస్త పొట్టిగా. రెండు చేతులూ ఒకే పక్కకి ఎత్తి, ఒక కాలు మెలిపెట్టి నిలబడితే వేణుగోపాలుడు, మురళి లేకపోయినా. చేతులు జోడించి ఉంటే అది దేవుడి కంటే భక్తుడయ్యే అవకాశమే ఎక్కువ: ఆంజనేయుడు, గరుత్మంతుడు, ఆళ్వారు, ఒక్కోసారి రాజు. తిరుమలలో ఇద్దరు రాణులతో నిలబడ్డ కృష్ణదేవరాయల లోహ ప్రతిమ అలాంటిదే.

ఆడే పసివాడు కనిపిస్తే కృష్ణుడనుకుంటాం. చేతిలో వెన్నముద్ద ఉంటే సరే. చూపుడు వేలు ఆకాశం వైపు చూపిస్తుంటే ఆయన తమిళ శైవ బాలకవి సంబంధర్. పార్వతి పాలిచ్చిందని, ఎవరిచ్చారని తండ్రి అడిగితే వేలు ఎత్తి చూపించాడని కథ. వెన్నముద్దకీ వేలికీ మధ్య ఉన్న తేడా వైష్ణవానికీ శైవానికీ మధ్య ఉన్నంత.

ఒక జట్టుగా పోసిన విగ్రహాలు విడిపోతే ఇంకా కష్టం. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దాయనకి రాముడు, చిన్నాయనకి సీత వెళ్లిన ఇళ్లు మనకి తెలియనివేం కావు. శివపార్వతుల మధ్య నిలబడే చిన్న స్కందుణ్ణి విడిగా పోస్తారు, ఆ పసివాడు తప్పిపోతే సోమస్కంద విగ్రహం ఉత్త ఉమామహేశ్వరులుగా మిగులుతుంది. పీఠం మీద మధ్యలో ఖాళీ జాగా, ఒక చిన్న రంధ్రం మాత్రమే ఆ కొడుకు గుర్తు. దొంగతనాలు మిగతా పని చేస్తాయి. తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నుంచి పోయిన నటరాజుని 2008లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొన్నది, 2014లో వెనక్కి ఇచ్చింది. ఇంట్లో వందేళ్లు దాటిన లోహ విగ్రహం ఉంటే 1972 పురావస్తువుల చట్టం కింద దాన్ని రిజిస్టర్ చేయించాలి, దేశం దాటించడం నేరం. పునాదులు తవ్వుతుంటే దొరికినదైతే కలెక్టర్‌కి చెప్పాలి, ఆ చట్టం 1878 నాటిది.

జట్టు నుంచి విడిపోయిన వాళ్లలో ఎక్కువ అన్యాయం జరిగేది ఒంటరి అమ్మవారికి. రెండు చేతులు, కొంచెం వంపు తిరిగిన నిలబడే తీరు, ఒక చెయ్యి కిందికి వేలాడుతూ, రెండో చెయ్యి వేళ్లు గుండ్రంగా ముడిచి. ఆ ముడిచిన వేళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, పూజారి రోజూ తాజా పువ్వు పెట్టడానికి. భర్త ఉన్నంతసేపు ఆమె ఎవరో తెలుసు. విష్ణువుకి కుడి పక్కన ఉండి, రొమ్ముకి పట్టీ కట్టుకుని, తామర పట్టుకుంటే శ్రీదేవి. ఎడమ పక్కన పట్టీ లేకుండా నల్లకలువ పట్టుకుంటే భూదేవి. పువ్వుని లోహంలోనే పోసి ఉంటే, పట్టీ కూడా కనిపిస్తే కొంత నమ్మకంగా చెప్పొచ్చు. అవి రెండూ లేకపోతే పార్వతి, సీత, రుక్మిణి, శ్రీదేవి, అందరిదీ అదే ఒంపు, అదే ఖాళీ వేళ్లు. ఆ అరిగిన ముఖం చూసి ఎవరైనా పేరు చెప్తే అది ఊహే. మ్యూజియంలో అలాంటి విగ్రహం కింద "దేవి" అని మాత్రమే రాసి ఉంటే, రాసినాయనకి పని తెలుసని అర్థం.